చప్పుడు చేయని కార్బైన్

పోలీసు శాఖలో చేసిన మన సభ్యులకు త్రీనాట్‌త్రీ రైఫిల్ బోల్టు విప్పడం చేతికి అలవాటైన పనే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో (1939-45) బ్రిటన్‌లో విలియం గాడ్‌ఫ్రే డి లైల్ అనే ఆయన ఆ రైఫిల్ బాడీకే .45 గొట్టం, కోల్ట్ పిస్తోలు మ్యాగజైను అమర్చి, గొట్టానికి లావుపాటి సైలెన్సరు తొడిగి ఒక కార్బైన్ చేశారు. తయారైనవి సుమారు 130. గుండు వేగం ధ్వని వేగానికన్నా తక్కువ. పేలుడు కన్నా బోల్టు ఆడించిన చప్పుడే గట్టిగా వినిపించేదట!

విప్పే తీరు మనకు తెలిసినదే. మొదట మ్యాగజైను తీసి, బోల్టు తెరిచి, ఛాంబరు ఖాళీయేనని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. తరువాత బోల్టు తల పైకెత్తి లాగితే ఊడివస్తుంది. తుడిచి, పలుచగా నూనె రాసి, దాని బోల్టు దానికే వేయాలి. పక్క తుపాకీది వేస్తే ప్రాణాపాయం. మరి ఇందులో గొట్టానికి చిల్లులుండడం వల్ల మసి చాలావరకు సైలెన్సరులోకే పోతుంది. అక్కడికి మన పుల్‌త్రూ అందదు.