జోడేఘాట్ తరువాత మార్లవాయి

ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో కొమురం భీమ్‌కు నివాళులర్పిస్తాం. జల్, జంగల్, జమీన్ అని పిల్లల చేత నినదింపజేస్తాం. 1940లో భీమ్ నేలకొరిగిన తరువాత ఏం జరిగిందో కూడా వారికి చెప్పవలసిన బాధ్యత మనపై ఉంది.

నిజాం ప్రభుత్వం ఆ పోరాటాన్ని మొదట శాంతిభద్రతల సమస్యగానే చూసింది, పోలీసులను పంపింది. భీమ్, ఆయన సహచరులు కాల్పుల్లో అమరులయ్యారు. ఆ తరువాత గాని గోండులు ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్న పాలకులకు రాలేదు. ఆ సంగతి తెలుసుకునే పని మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఆయన భార్యతో కలిసి మార్లవాయిలో మన మధ్యే ఉండి, మన భాష నేర్చుకొని, ఊరూరా తిరిగారు.

ఆయన చూసింది ఇదీ: రిజర్వు అడవి హద్దులు గీసి ఊళ్లను ఖాళీ చేయించారు. తరతరాలుగా దున్నిన భూమికి పట్టా లేదు. బయటి నుంచి వచ్చినవారు రికార్డుల్లో పేర్లు ఎక్కించుకున్నారు. కింది ఉద్యోగులు మామూళ్లు పిండుకున్నారు. అంటే తప్పు గోండులది కాదు, పాలనది.

ఇలాంటి నివేదికను బీరువాలో పెట్టి తాళం వేయడం ఏ ప్రభుత్వానికైనా తేలిక. కానీ రెవెన్యూ శాఖే 1945లో ఆ నివేదికలను పుస్తకంగా అచ్చువేసింది. గోండులకు, కొలాములకు పట్టాలిచ్చారు. 1943లోనే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు గాని, వేలాది కుటుంబాలకు కాళ్ల కింద నేల దొరికింది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని భయపడే నాయకులు ఇది గమనించాలి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. అధికారులు మారారు, ప్రభుత్వాలు మారాయి. వలసలు పెరిగి, ఇచ్చిన భూములు మళ్లీ చేజారాయి. 1970లలో తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్ ఆ సంగతి చూసి బాధతో రాశారు. 1970లో 1/70 చట్టం వచ్చినా అమలు అంతంత మాత్రమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ తుపాకులు మోగాయి. జోడేఘాట్ పాఠం నలభై ఏళ్లకే మరుగునపడింది.

అందుకే తప్పును ఒకసారి దిద్దితే సరిపోదు. తరువాత వచ్చేవారికి తెలిసేలా చెప్పాలి, దిద్దినదాన్ని కాపాడాలి. మన రాయి సెంటర్లలో తగవు పదిమంది ఎదుటే తీరుస్తారు. తీర్పుకు ఊరంతా సాక్షి కనుక రేపు ఎవరూ మాట మార్చలేరు. సర్పంచులైనా, సంఘ నాయకులైనా, హాస్టల్ నడిపే మాలాంటివారమైనా ఈ పద్ధతినే పాటించాలి.

మన పిల్లల్లో రేపటి తహసీల్దార్లు, అటవీ అధికారులు ఉన్నారు. భీమ్ ధైర్యంతో పాటు మార్లవాయి చరిత్ర కూడా తెలిస్తే, ఫిర్యాదుతో వచ్చిన మనిషిని వారు శత్రువుగా చూడరు. ముందు తమ రికార్డు తెరిచి చూసుకుంటారు.