రెండో సీటు

1928 సెప్టెంబరు 18న స్పెయిన్ ఇంజినీరు హువాన్ దె లా సియెర్వా తన ఆటోజైరోలో ఇంగ్లిష్ ఛానెల్ దాటాడు. నా ధ్యాస మాత్రం ఆ రోజు రెండో సీట్లో కూర్చున్న మనిషి మీదే. పేరు ఆన్రీ బూషే, ఫ్రాన్సులో ఒక విమానయాన పత్రిక సంపాదకుడు. అప్పటికి ఆ రకం యంత్రం సరిగ్గా ఎగరడం మొదలై ఐదేళ్ళు. కనిపెట్టినవాడు తన యంత్రం ఎక్కడంలో వింత లేదు. పక్కవాడు ఏ నమ్మకంతో ఎక్కాడు?

ఈ ప్రశ్న ఇప్పుడు మా ఇంటికొచ్చింది. ప్రొద్దుటూరులో వెల్డింగ్ షెడ్డు నడిపే మా చిన్నాన్న కొడుకు జైరోప్లేన్ కడతానంటున్నాడు. ఒంటి సీటుది కాదు. "ఒగడే ఎగిరితే ఏముందన్నా? మా నాయన్ను కూచోబెట్టుకోవాల" అన్నాడు. చేతిలో డబ్బు తక్కువ, ధైర్యం ఎక్కువ. పాత డ్రాయింగులు కొన్ని సంపాదించి, ఏది సేఫో చెప్పమని నన్నడిగాడు.

చిన్నమ్మ వింటూనే నల్లమల పేరెత్తింది. మా వైపు నెత్తిన రెక్క తిరిగేది ఏదైనా 2009 సెప్టెంబరు 2నే గుర్తు చేస్తుంది. పావురాలగుట్ట దగ్గర ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలిన రోజు. ఆమెకు సమాధానం చెప్పడం కష్టం. హెలికాప్టర్‌లో పైరెక్కని ఇంజను తిప్పుతుంది, జైరోలో గాలే తిప్పుతుంది. చిన్నప్పుడు తాటాకు పంకాని ముల్లుకి గుచ్చి పరిగెత్తేవాళ్ళం కదా, అదే సంగతి. ఇంజను పని వెనక ఉన్న ప్రొపెల్లర్‌తో ముందుకు నెట్టడం వరకే. అది ఆగినా కిందికి దిగుతున్నంతసేపూ పైరెక్క తిరుగుతూనే ఉంటుంది, చిన్న చేనంత జాగాలో దిగొచ్చు.

సియెర్వా కోరుకున్నదీ అదే. 1919లో ఆయన కట్టిన మూడింజన్ల బాంబర్ నేలకి దగ్గరగా వేగం తగ్గి స్టాలై కూలింది. స్టాల్ కాని యంత్రం కావాలనుకున్నాడు. మొదటి ప్రయత్నాలు పక్కకి ఒరిగి పడ్డాయి. రెక్కల మొదట్లో కీళ్ళు పెట్టి, అవి పైకీ కిందికీ ఆడేలా చేశాక, 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర ఆయన యంత్రం ఎగిరింది. 1936 డిసెంబరులో లండన్ క్రోయ్‌డన్ నుంచి పొగమంచులో లేచిన మామూలు ప్రయాణికుల విమానం కూలి చనిపోయాడు. విధి అనే మాట నాకు నచ్చదు గానీ, ఇక్కడ మరో మాట దొరకడం లేదు.

ఇంట్లో కట్టుకునే జైరో కథ మాత్రం అమెరికాలో ఇగోర్ బెన్సెన్‌తో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తాడు కట్టి లాగించిన రోటర్ గాలిపటాలను చూసి, అల్యూమినియం గొట్టాలతో ఒక సీటు చేశాడు. 1957 నాటి బి-8ఎం నమూనాకి ఫిరంగి గురికోసం ఎగరేసే డ్రోన్ల ఇంజను బిగించారు. డ్రాయింగులు పోస్టులో అమ్మాడు. వేలమంది కొన్నారు, షెడ్లలో కట్టుకున్నారు. చిక్కల్లా ఒకటే: సీటు ఒక్కటి. గురువు ఎక్కడ కూర్చోవాలి? తాడుతో లాగించుకుంటూ, చిన్న చిన్న గెంతులేస్తూ ఎవరికి వాళ్ళే నేర్చుకున్నారు. నేర్చుకుంటూనే పోయినవాళ్ళూ ఉన్నారు.

అంటే రెండో సీటు షోకు కాదు, ప్రాణావసరం. కానీ ఆ సీటు వచ్చిన తీరులో మరో ప్రమాదం ఉంది. ఇద్దరి బరువు లేపాలంటే పెద్ద ఇంజను కావాలి, పెద్ద ప్రొపెల్లర్ కావాలి. పెద్ద ప్రొపెల్లర్ నేలకి తగలకుండా ఇంజన్ని పైకి జరిపారు. మనుషులు కిందే ఉండిపోయారు. ఇక నెట్టే బలం గరిమనాభికి పైన పనిచేస్తుంది. పైరెక్క మీద భారం ఉన్నంతవరకు సర్దుకుపోతుంది. ఒక గాలి కుదుపుకో, కంగారులో కర్ర ముందుకి తోసినందుకో ఆ భారం తప్పిందా, వెనకనుంచి నెట్టే బలం ముక్కుని కిందికి తిప్పేస్తుంది, పైరెక్క వేగం పడిపోతుంది. పల్టీ కొట్టడానికి రెండు సెకన్లు చాలు. కెనడా నుంచి వచ్చిన ఆర్‌ఏఎఫ్ 2000 పక్కపక్క సీట్లతో, తలుపుల క్యాబిన్‌తో కారులా ముచ్చటగా ఉండేది. ఫ్యాక్టరీ ఇచ్చిన తోకకి అడ్డరెక్క మాత్రం ఉండేది కాదు. మావాడి దగ్గరున్న డ్రాయింగుల్లో ఒకదానికీ ఇదే లోపం.

బ్రిటన్‌లో వరస మరణాల తర్వాత విమానయాన సంస్థ గ్లాస్గో విశ్వవిద్యాలయం చేత పరిశోధన చేయించింది. తేలిన లెక్క చాలా చిన్నది: గరిమనాభి, ప్రొపెల్లర్ నెట్టే గీత ఒకదానికొకటి పైకో కిందికో రెండంగుళాలు దాటకూడదు. తోక అడ్డరెక్క వల్ల పెద్దగా తేడా లేదనీ ఆ పరిశోధకులన్నారు. అమెరికా బిల్డర్లలో చాలామంది దీన్ని ఒప్పుకోరు, అడ్డరెక్కే ప్రాణం కాపాడుతుందంటారు. ఆ గొడవ తేల్చేవాణ్ణి నేను కాదు. చిన్నాన్న కూర్చునేదానికి రెండూ ఉండాలి.

అందుకే ఫ్లోరిడాలో ఎర్నీ బొయెట్ చేసిన డామినేటర్ పద్ధతి నాకు నచ్చింది. ఇంజన్ని దించలేకపోతే మనుషుల్నే పైకి లేపాడు. సీట్లు ఒకదాని వెనక ఒకటి, పొడుగు తోక, దానికి అడ్డరెక్క. చూడ్డానికి కొంగలా ఉంటుంది, ఎక్కడానికి చిన్నాన్నకి స్టూలు వెయ్యాలి. క్యాబిన్ లేదు కాబట్టి చవక. వెనక సీటు గరిమనాభికి దగ్గరగా ఉండటంతో, అందులో మనిషి ఉన్నా లేకపోయినా ముందువెనకల తూకం పెద్దగా మారదు. మిగిలిన డబ్బు రోటర్‌కీ శిక్షణకీ పెట్టమన్నాను.

మా ఎండల లెక్క వేరే ఉంది. కర్నూలు సముద్రమట్టానికి మూడొందల మీటర్లు కూడా ఉండదు. 42 డిగ్రీల మధ్యాహ్నం మాత్రం అక్కడి గాలి సుమారు 1,300 మీటర్ల ఎత్తులో ఉన్నంత పలచన. టర్బో లేని ఇంజను పదిలో ఒక వంతు పైనే బలం పోగొట్టుకుంటుంది. పైగా బండలమీంచి లేచే సుడిగాలులు. ఏప్రిల్‌లో పొద్దున ఎనిమిది దాటాక ఇద్దరితో ఎగరడం నా దృష్టిలో మూర్ఖత్వం.

కట్టడం ఒక ఎత్తు, కాగితాలు ఒక ఎత్తు. ముంబైలో మేడమీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కి రిజిస్ట్రేషన్ 2017లో వస్తే, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చింది. ఆయన వృత్తిరీత్యా పైలట్. మావాడికి డ్రైవింగ్ లైసెన్సు ఉంది.

"రెండంగుళాలని ఎట్ల తెలుస్తాదన్నా?" అని మొన్న ఫోన్ చేశాడు. సీట్లలో మనుషుల బరువుకి సరిపడా ఇసుక మూటలు కట్టి, యంత్రాన్ని మొదట రోటర్ బోల్టుకి, తర్వాత ఇంకో చోట పట్టి వేలాడదియ్యాలి. రెండుసార్లూ వేలాడదీసిన చోటునుంచి, మేస్త్రీలు గోడకి పట్టే గుండుదారం వదిలి ఫ్రేము మీద గీత గియ్యాలి. గీతలు రెండూ కలిసేచోటే గరిమనాభి. అక్కణ్ణుంచి ప్రొపెల్లర్ గీతకి టేపు పెట్టి కొలవాలి. షెడ్డులో ట్రాలీ ఇంజన్లు ఎత్తే చైన్ బ్లాక్ ఉంది, అది చాలా అని అడిగాడు. చాలు అన్నాను.