పోలవరం (ఏలూరు జిల్లా)

పోలవరం ఏలూరు జిల్లాలో గోదావరి కుడి ఒడ్డున ఉన్న ఊరు, మండల కేంద్రం. రాజమండ్రికి ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరం. పేపర్లో ఈ పేరు కనిపించని రోజు అరుదు, కానీ ఆ వార్త ఊరి గురించి కావడం మరీ అరుదు. పోలవరం అంటే జనానికి గోదావరి మీది ఆనకట్ట ప్రాజెక్టే. ప్రాజెక్టు మాట పుట్టకముందు ఇది కొండకూ మైదానానికీ నడుమ రేవు. కొండ దిగిన వెదురూ చింతపండూ, కింది నుంచి వచ్చిన ఉప్పూ బట్టా ఇక్కడ చేతులు మారేవి. గోదావరి మీదుగా ఏది వస్తే దాంతోనే ఊరి వ్యాపారం నడిచింది. అది మారినప్పుడల్లా వ్యాపారమూ మారింది.

పేరు దగ్గర తికమకలు

కోనసీమలో ఇంకో పోలవరం ఉంది. దాన్ని ఐ.పోలవరం అంటారు. ఆ 'ఐ' ఇంటిపేరు కాదు, ఐలాండ్. అది గోదావరి పాయల మధ్య ఉన్న లంక ప్రాంతం. ఉత్తరాల రోజుల్లో ఈ రెండు ఊళ్ళ తపాలా ఎన్నిసార్లు తారుమారైందో పోస్టుమాన్లనే అడగాలి. 2025 చివర రంపచోడవరం కేంద్రంగా పోలవరం పేరుతో ఒక జిల్లా కూడా ఏర్పడింది. పోలవరం ఊరు మాత్రం ఆ జిల్లాలో లేదు, నదికి ఇవతల ఏలూరు జిల్లాలోనే ఉండిపోయింది.

నది, నేల

భద్రాచలం దిగాక గోదావరి పాపికొండల మధ్య ఇరుకు దారిలో పడుతుంది. అక్కడ వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, సుళ్ళు ఎక్కువ. పోలవరం దగ్గరికొచ్చేసరికి కొండలు రెండు పక్కలా వెనక్కి తగ్గి, నది ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుంటుంది. ఇక్కడి నుంచి ధవళేశ్వరం దాకా దాన్ని అఖండ గోదావరి అంటారు. పాయలుగా చీలేది ఆ తర్వాతే. వేసవిలో ఇసుక తిన్నెలు పైకి తేలతాయి. జూన్, జూలైల్లో ఎర్రనీరు దిగితే అవి కనబడకుండా పోతాయి.

ఊరిని కాచేది ఏటిగట్టు. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ ఏడాదిని కొలమానంగా పెట్టుకుని మాట్లాడతారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. జూలైలో అంత నీరు రావడం ఈ తీరానికి అలవాటు లేదు, ఇక్కడ వరద అంటే ఆగస్టే.

జమీందార్లు, కొండదొరలు

కొచ్చెర్లకోట వంశీయులు పోలవరం జమీందార్లు. వీరిలో కొచ్చెర్లకోట రామచంద్ర వేంకటకృష్ణారావు పేరు సాహిత్య చరిత్రలో నిలిచింది. కాకినాడ నుంచి 'సరస్వతి' అనే సాహిత్య పత్రిక నడిపించారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రి ఈయన ఆశ్రయంలో పనిచేశారు. విచిత్రమేమంటే జమీ పేరు పోలవరమైనా, పద్యాలూ అవధానాలూ జరిగింది ఎక్కువగా కాకినాడలో. ఊరికి దక్కింది పేరు మాత్రమే.

కొండల వైపు కథ వేరు. పోలవరానికి ఎగువన ఉన్న కొరుటూరుకు చెందిన కొండరెడ్ల నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి 1857-58 నాటి తిరుగుబాటు కాలంలో కంపెనీ ప్రభుత్వంపై తిరగబడ్డాడు. ఉత్తరాదిన నానాసాహెబు లేచాడన్న కబురు ఈ కొండలకూ చేరింది. 1858లో సుబ్బారెడ్డిని బుట్టాయగూడెంలో ఉరితీశారు. అతని అనుచరుల్లో కొందరికి ఉరి పడింది పోలవరంలోనే. భయం పుట్టించడానికి సుబ్బారెడ్డి శవాన్ని రాజమండ్రిలో ఇనుప పంజరంలో వేలాడదీశారు. అల్లూరి సీతారామరాజుకు అరవై ఏళ్ళకు పైగా ముందు జరిగిన ఈ పోరాటం పాఠ్యపుస్తకాల్లో చోటు దొరక్క చాలాకాలం మరుగునే ఉంది.

అల్లూరి కథలోనూ పోలవరం వస్తుంది. మన్యంలో ఆయన కదలికల మీద అనుమానాలు ముదిరినప్పుడు, పైడిపుట్టలో ఆయన భూమి చేసుకుంటూ ఉండేలా ఏర్పాటు చేసింది పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్. సేద్యంలో పడితే తిరుగుబాటు మాట మరుస్తాడని సర్కారు ఆశ. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్‌స్టేషన్ మీద దాడితో ఆ ఆశ అడియాసైంది.

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినా, నదికి పడమట ఉన్న పోలవరం తాలూకా తూర్పు గోదావరిలోనే కొనసాగింది. 1942లో పశ్చిమకు మారింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఏలూరుకు వచ్చింది. ఒక్క ఇల్లూ కదలకుండానే ఊరు మూడు జిల్లాలు చూసింది.

రామపాదసాగరం నుంచి స్పిల్‌వే దాకా

ఇక్కడ ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1941 నాటిది. మద్రాసు రాష్ట్ర ప్రభుత్వ ఇంజినీరు ఎల్.వెంకటకృష్ణ అయ్యర్ దీన్ని ముందుకు తెచ్చారు. అనుకున్న ఎత్తున కడితే జలాశయం నీరు భద్రాచల రాముడి పాదాలను తాకుతుందని రామపాదసాగరం అని పేరు పెట్టారు. 1946-47 నాటికి అంచనా 129 కోట్ల రూపాయలు. తర్వాతి కాలంలో కేంద్ర నీటిపారుదల మంత్రి అయిన కె.ఎల్.రావు యువ ఇంజినీరుగా దీని డిజైన్ల మీద పనిచేశారు. డబ్బు లేక పథకం అటకెక్కింది. 1980లో గోదావరి జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ తీర్పు, 1981లో ముఖ్యమంత్రి టి.అంజయ్య శంకుస్థాపన, తర్వాత మళ్ళీ నిద్ర. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వచ్చాక కాలువల పని మొదలైంది. 2014 విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టును చేసింది.

ప్రాజెక్టు స్థలం ఊరికి కొద్ది దూరం ఎగువన రామయ్యపేట దగ్గర, ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల పైన. పూర్తి నీటిమట్టం 150 అడుగులు, నిల్వ 194 టీఎంసీలు, స్పిల్‌వేకి 48 గేట్లు, విద్యుత్తు 960 మెగావాట్లు. కుడి ఒడ్డున కొండను తొలిచి స్పిల్‌వే కట్టి, 2021 జూన్‌లో గోదావరిని అటు మళ్ళించారు. అసలు ఏటి మధ్య రావలసిన రాతి, మట్టి ఆనకట్ట కింద వేసిన డయాఫ్రం వాల్ వరదలకు దెబ్బతినడంతో, 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టారు.

బయటివాళ్ళు తరచూ పొరబడే సంగతి ఒకటుంది. పోలవరం ఊరు మునగదు. అది డ్యాముకు దిగువన ఉంది. మునిగేవి పైనున్న ఊళ్ళు. అన్నిటికంటే ముందు ఖాళీ అయినవి పోలవరం మండలంలోని ఏడు పల్లెలు: రామయ్యపేట, పైడిపాక, చేగొండపల్లి, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, సింగన్నపల్లి. గొంది అంటే సందు. కొండల సందుల్లో కుదురుకున్న ఊళ్ళు కాబట్టి ఆ పేర్లు. ఆ కుటుంబాలను మైదానం వైపు కట్టిన పునరావాస కాలనీలకు తరలించారు. వరస ఇళ్ళు, సిమెంటు రోడ్లు ఉన్నాయి. గొంది మాత్రం లేదు. చీపురుపుల్ల కోసం వెళ్ళే కొండ ఇప్పుడు బస్సు ఎక్కితే గాని అందని దూరం. ప్రాజెక్టు మొత్తం మీద నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైనే.

వ్యాపారం

రోడ్లు సరిగా లేని రోజుల్లో రాజమండ్రి నుంచి భద్రాచలం వైపు ప్రయాణమంటే లాంచీయే. పోలవరం ఆ దారిలో పెద్ద మజిలీ. వెదురును తెప్పలుగా కట్టి ఏట్లో వదిలేవాళ్ళు, కలపా అలాగే. ప్రవాహమే కూలి అడగని బండి. మనిషి పని తెప్పను సుడిలో పడనీయకుండా గడతో తోసుకు రావడమే. రాజమండ్రి కాగితపు మిల్లుకు వెదురు కావాలి, డెల్టా ఇళ్ళకు వాసాలు, తడికలు కావాలి. కొన్ని కుటుంబాలు ఈ పని మీదే బతికాయి. ఎగువ నుంచి లారీలు తిరిగాక తెప్పలు పోయాయి.

కొండరెడ్లు, కోయలు తెచ్చే అటవీ సరుకు చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయలు, తేనె, కొండచీపుర్లు, అడ్డాకులు. కొనుగోలుకు గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉన్నా, సంతల్లో షావుకార్ల త్రాసులకు ఎప్పుడూ తీరిక లేదు. అడ్డాకు విస్తరి కుట్టడం చూడాలి. ఆకు పచ్చిగా ఉండగానే ఒకదాని అంచు మీద ఇంకొకటి వాల్చి, వెదురు ఈనెతో గుచ్చి, మిగిలిన ముక్క గోటితో తుంచి, విస్తరిని గుండ్రంగా తిప్పుకుంటూ పోతారు. కళ్ళు మాట్లాడే మనిషి మీద, చేతులు ఆకు మీద. ఆరాక కట్టలు కట్టి బరువు పెడతారు, లేకపోతే ముడుచుకుపోతాయి. పెళ్ళి భోజనాల్లో ప్లాస్టిక్ పూత కాగితాలు వచ్చాక ఈ పనికి గిరాకీ పడిపోయింది.

మైదానం వైపు వరి, మొక్కజొన్న, అరటి, పామాయిల్, జీడిమామిడి ఉన్నాయి. గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం చుట్టూ తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు పండుతుంది. అక్కడి వేలం కేంద్రాల ధర బాగుంటే ఆ ఏడు పోలవరం కొట్లలోనూ అరువులు తీరతాయి. పొగాకు కాల్చే బ్యారన్లకు కట్టెలు కావాలి, వాటి బేరం కొండ అంచు ఊళ్ళది.

మండలంలో కొంత భాగం షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1970 నాటి చట్టం ప్రకారం (అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేదే) గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. ఏ వీధి మైదానం కిందికి వస్తుంది, ఏ పొలం ఏజెన్సీ అన్నది ఇక్కడ స్థలం బేరానికి దిగిన ప్రతివాడికీ మొదటి ప్రశ్న. పోలవరం శాసనసభ స్థానం కూడా గిరిజనులకు రిజర్వు అయినదే.

ప్రాజెక్టు పని ఊపందుకున్నాక ఊరి బేరాలు ఇంకో దారి పట్టాయి. టిప్పర్లు, బిహార్, ఒడిశా కూలీలు, ఇంజినీర్ల క్వార్టర్లు. అద్దెలు పెరిగాయి, హోటళ్ళలో ఇడ్లీ పక్కన రొట్టె చేరింది, పంక్చర్ షాపులకు రాత్రీ పగలూ పనే. 2019 జనవరిలో స్పిల్‌వే దగ్గర 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. గుత్తేదారు మారినప్పుడో, వరద సీజన్లో పని ఆగినప్పుడో ఆ సందడంతా ఒక్కసారి చల్లబడుతుంది. డ్యాము మీద ఆధారపడ్డ చిల్లర వ్యాపారికి డ్యాము ఎప్పుడు పూర్తవుతుందన్న ప్రశ్న రెండంచుల కత్తి. పెద్ద వైద్యానికి, బంగారానికి, పెళ్ళి బట్టలకు మాత్రం ఊరంతా ఇప్పటికీ రాజమండ్రికే వెళుతుంది.

వినోదం, తిరునాళ్ళు

పోలవరానికి కొంచెం దిగువన పట్టిసం. పుస్తకాల్లో పట్టిసీమ. ఏటి నడుమ దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి గుడి, పక్కనే క్షేత్రపాలకుడిగా భావనారాయణస్వామి. దక్షయజ్ఞం ధ్వంసం చేశాక వీరభద్రుడు తన పట్టిసం అనే ఆయుధాన్ని ఇక్కడ గోదావరిలో కడిగాడని స్థలపురాణం. మామూలు రోజుల్లో రేవులో పడవెక్కి వెళ్ళి దణ్ణం పెట్టుకుని రావడం ఒక పూట పని. శివరాత్రికి ఏటి ఇసుకే ఊరైపోతుంది. ఖర్జూరం కొట్లు, జీళ్ళు, రంగులరాట్నాలు, మైకుల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు. జాగారం చేసేవాళ్ళు దుప్పట్లు పరుచుకుని ఇసుకలోనే తెల్లవారుస్తారు. మాఘమాసపు ఏటిగాలి నిద్రపోనివ్వదు కాబట్టి జాగరణకు వేరే శ్రమ అక్కర్లేదు.

ఇదే పట్టిసం దగ్గర 2015లో ఎత్తిపోతల పథకం కట్టారు. 24 పంపులు 8,500 క్యూసెక్కుల గోదావరి నీటిని ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తే అది కృష్ణా డెల్టాకు చేరుతుంది. పంపులు ఆడే రోజుల్లో ఆ నీటి ఉరవడి చూడడానికే జనం వస్తారు. ప్రాజెక్టు కూడా అలాగే చూడదగ్గ చోటైంది. 2018-19ల్లో ప్రభుత్వమే రాష్ట్రం నలుమూలల నుంచి రైతులను బస్సుల్లో తీసుకొచ్చి చూపించింది. పులిహోర పొట్లాలతో డ్యాము యాత్ర చేసిన ఊళ్ళు రాయలసీమలో కూడా ఉన్నాయి.

పాపికొండల విహారం మీద ఈ తీరం చాలాకాలం బతికింది. బాపు 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) చూసి లాంచీ ఎక్కినవాళ్ళు తక్కువమంది కాదు. పోలవరం, పట్టిసం, అవతలి ఒడ్డున పురుషోత్తపట్నం రేవుల నుంచి లాంచీలు బయల్దేరి, గండిపోచమ్మ గుడి దగ్గర ఆగి, పేరంటపల్లి దాకా వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవి. మధ్యాహ్నం భోజనం లాంచీలోనే. కింద వంట, పైన పాటలు. డ్యాము పనితో నది దారి మూసుకుపోయాక ఆ రేవుల నుంచి ఎగువకు వెళ్ళడం కుదరదు. ఇప్పుడు లాంచీ ఎక్కేది డ్యాముకు పైనున్న గండిపోచమ్మ రేవులో. కాఫర్ డ్యాము కట్టాక వెనక్కి తన్నే నీరు ఏటా ఆ గుడినీ ముంచుతోంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర 77 మందితో వెళుతున్న పర్యాటక బోటు సుడిలో పడి మునిగింది. 26 మంది బయటపడ్డారు. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న పైకి తీసింది. అప్పటికి నది లోతులో 38 రోజులు ఉంది. తర్వాత చాలాకాలం విహారం ఆపేశారు. కంట్రోల్ రూములు పెట్టి, వరద ఎక్కువగా ఉన్నప్పుడు అనుమతి ఇవ్వకుండా మళ్ళీ మొదలుపెట్టారు. గోదావరి మీద పుట్టి పెరిగిన సరంగులు కచ్చులూరు మలుపును ముందునుంచీ భయంతోనే దాటేవారు. వరద ఉన్నప్పుడు ఒడ్డు పట్టుకునే పోవాలన్నది వాళ్ళ లెక్క.

కొండపల్లెల పండగల తీరు వేరు. విత్తుకు ముందు భూమి పండగ, కాయ తినడానికి ముందు మామిడి పండగ. పండగ చేయకుండా కొత్త పంట నోట పెట్టకూడదు. వేసవిలో జీలుగు చెట్టు కల్లు ఉంటుంది. డెల్టా నుంచి బంధువుల ఇంటికి వచ్చిన వాళ్ళు తాటికల్లుతో పోల్చి, ఏది మేలో తేల్చుకోలేక రెండో ముంత అడుగుతారు.

చేరుకునే దారి

దగ్గరి రైల్వే స్టేషన్లు కొవ్వూరు, రాజమండ్రి. కొవ్వూరు నుంచి తాళ్ళపూడి, తాడిపూడి, గూటాల, పట్టిసం మీదుగా రోడ్డు గోదావరిని పెద్దగా వదలకుండా సాగుతుంది. జంగారెడ్డిగూడెం వైపు నుంచి కూడా దారి ఉంది, అది పొగాకు బ్యారన్ల మధ్యగా వస్తుంది. ఏరు చూడాలనుకునే వాళ్ళు కొవ్వూరు దారిలో బస్సుకు కుడివైపు కూర్చోవాలి.