లార్కోస్ అనే కార్లోస్

రాబర్టో లార్కోస్ అనేవాడు ఫుట్‌బాల్ చరిత్రలో ఎంత వెతికినా దొరకడు. ఎడమ కాలితో బంతిని ఫిరంగి గుండులా పేల్చే బ్రెజిల్ డిఫెండర్ రాబర్టో కార్లోస్‌కి జపాన్ కంపెనీ కొనామి తన వీడియో గేమ్‌లో పెట్టిన దొంగపేరది. ఆట అతనిదే, గుండు తలా అతనిదే. పేరులో ‘క’, ‘ల’ మాత్రం చోట్లు మార్చుకున్నాయి. నెదర్లాండ్స్ వాళ్లకి ఆ మాత్రం భాగ్యమూ దక్కలేదు. లైసెన్సు లేక ఒక దశలో అందరికీ ‘ఆరెంజెస్’ అని పెట్టి, పక్కన హాల్ టికెట్లకు వేసినట్టు నంబర్లు వేశారు.

పేరు ఆస్తి. ఫుట్‌బాల్‌లో అయితే ఉమ్మడి ఆస్తి. పేరూ ముఖమూ ఆటగాడివి, చొక్కా క్లబ్‌ది, పోటీ లీగ్‌ది. ఒక్క సంతకం తగ్గినా రిజిస్ట్రేషన్ జరగదు. 1993లో ఈఏ కంపెనీ తొలి ‘ఫిఫా’ గేమ్ తెచ్చినప్పుడు పెట్టె మీద ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా పేరుంది గానీ, లోపల ఆడేవాళ్లవి కల్పిత పేర్లే. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రోతో ఒప్పందం కుదిరాక, ‘ఫిఫా 96’లో గానీ అసలు పేర్లు రాలేదు.

సంఘం సంతకం పెడితే సభ్యుడు పెట్టినట్టేనా? జర్మనీ గోల్‌కీపర్ ఆలివర్ కాన్ ఒప్పుకోలేదు. ఈఏ 2002 ప్రపంచకప్ గేమ్‌లో తనను అడక్కుండా వాడుకున్నారని దావా వేశాడు. ఫిఫ్‌ప్రో లైసెన్సు చూపించినా 2003లో హాంబర్గ్ కోర్టు అతని పక్షానే తీర్పిచ్చింది. నాకైతే ఆ తీర్పు సబబే అనిపిస్తుంది.

క్లబ్బుల బేరాలు ఇంకో తీరు. 2019లో ఇటలీ క్లబ్ జువెంటస్ తన గేమ్ హక్కులన్నీ కొనామికే రాసిచ్చింది. దాంతో ‘ఫిఫా 20’లో ఆ జట్టు ‘పియెమోంటె కాల్చో’ అయింది. ఆటగాళ్లు వాళ్లే, క్లబ్ పేరూ చిహ్నమూ మాత్రం కల్పితాలు. మూడేళ్లు అంతే. ఈలోగా ‘ఫిఫా 22’లోకి ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. ఇటలీలో అన్నిటికంటే ఎక్కువ టైటిళ్లు గెలిచిన క్లబ్ మారుపేరుతో తిరుగుతుంటే, మన హైదరాబాద్ ఎఫ్‌సీ అదే గేమ్‌లో సొంత పేరుతో దర్జాగా ఆడింది!

అసలు పేచీ పెట్టె మీది పేరు దగ్గరే వచ్చింది. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాల పేరుకి ప్రతి నాలుగేళ్లకూ వంద కోట్ల డాలర్లకు పైగా ఫిఫా అడిగిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆటగాళ్ల, లీగుల, క్లబ్బుల ఒప్పందాలు ఈఏ చేతిలో విడిగా ఉండనే ఉన్నాయి. ఇక పెట్టె మీది పేరుకి అంత పొయ్యడం ఎందుకు? 2022 మేలో ఇద్దరూ విడిపోయారు. జువెంటస్ పేరు తిరిగొచ్చిన ‘ఫిఫా 23’తోనే ఫిఫా పేరు వెళ్లిపోయింది. 2023 సెప్టెంబర్ 29న వచ్చిన గేమ్ పేరు ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24’. అందులో 19 వేల మందికి పైగా ఆటగాళ్లున్నారు, సొంత పేర్లతోనే.