వాకిటి మర్యాద: బహ్రెయిన్ దీవిలోని ఇంటి గుమ్మముల చరిత్ర

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు చూడవచ్చినవానికి మొట్టమొదట కానవచ్చునది వాకిలి. దేవుని గది ఎంత పవిత్రముగా నున్నను, వంటయిల్లు ఎంత శుభ్రముగా నున్నను, గుమ్మమునొద్ద చెప్పులు కుప్పగా పడియుండి, చీపురు అడ్డముగా నుండి, తలుపు వెనుక సంచులు క్రిక్కిరిసియున్నచో, వచ్చినవాని మనస్సున ఆ మొదటి చూపే నిలిచిపోవును. అయినను వాకిలిని తీర్చి యుంచుట కేవలము పరుల మెప్పు కొఱకని తలచరాదు. గుమ్మమునకు రెండు ధర్మములు గలవు. వచ్చినవానిని ఆదరించుట యొకటి. లోనివారిని కాపాడుట రెండవది. ఈ రెండింటిని ఒక చిన్న దీవిలోని ప్రజలు వేల ఏండ్లుగా ఎట్లు నిర్వహించుచు వచ్చిరో మన పాఠకులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ దీవి బహ్రెయిన్.

అరేబియాకు తూర్పున గల్ఫు సముద్రములో నున్న ఈ దీవివారును మనవలెనే నాలుగు వైపుల సముద్రమును చూచుచు బ్రతికినవారు. మన దీవులను చెఱకు పోషించినది. వారి దీవిని ముత్యము పోషించినది. మనకు వాకిట శత్రువు వాన, బురద. వారికి వాన మిక్కిలి తక్కువ. సగటున ఏటికి 100 మిల్లీమీటర్లైనను కురియదు. వారి వాకిటికి శత్రువు ధూళి. షమాల్ అను వాయవ్యపు గాలి వీచునపుడు సన్నని ఇసుక ప్రతి సందునను దూరును. కావున అచ్చట గుమ్మము ఎట్లు కట్టవలెను, దాని యొద్ద ఏమి యుంచవలెను అనునది ప్రాచీనకాలమునుండియు ఆలోచింపవలసిన విషయమే యైనది.

బహ్రెయిన్‌లో సార్ అను చోట 1990వ సంవత్సరము మొదలుకొని దాదాపు పదేండ్లు లండన్-బహ్రెయిన్ పురావస్తు బృందమువారు త్రవ్వకములు జరిపిరి. సుమారు 4000 ఏండ్లనాటి ఊరొకటి బయల్పడినది. ఆ కాలమున ఈ భూభాగమునకు దిల్మున్ అని పేరు; సుమేరు దేశమునకును సింధునదీ ప్రాంతమునకును నడుమ సాగిన ఓడ వర్తకమునకు ఇది మజిలీ. ఊరి నడుమ ఆలయము, ఆలయమువఱకు సాగు వీధి, వీధి కిరువైపుల వరుసగా ఇండ్లు. ఆ ఇండ్లు చాలవఱకు ఒకే తీరున కట్టబడినవి: లోపల నొక గది, దాని చుట్టు రెండు ప్రక్కల మలుపు తిరిగిన ముంగిలి. పెక్కు ఇండ్లలో వీధి గుమ్మమునకు చేరువగా గచ్చు పూసిన చిన్న తొట్టి కలదు. అది నీటి కొఱకని త్రవ్వినవారు భావించిరి. మన పల్లెలలో వాకిట నీళ్ల గోలెము, దానిపై చెంబు నుంచు వాడుక నెఱిగినవారికి ఈ తొట్టిని చూచినపుడు ఆశ్చర్యము కలుగదు. నీరు వాకిటనే యుండవలెనను బుద్ధి ఒక్క దేశమువారి సొత్తు కాదు.

అచ్చటినుండి ముత్యాల వ్యాపారము మహోన్నతముగా నున్న 19వ శతాబ్దమునకు వత్తము. అప్పటి రాజధాని ముహర్రఖ్. సముద్రమునుండి తీసిన పగడపు రాతితో గోడలు కట్టి, జిప్సము సున్నముతో పూత పూసెడివారు. తలుపులకు టేకుకలప హిందూదేశపు పడమటి తీరమునుండి ఓడలలో వచ్చెడిది. పెద్ద తలుపులో చిన్న తలుపొకటి అమర్చుట ఆ ప్రాంతపు ఆచారము. ప్రతిదినము రాకపోకలకు చిన్న తలుపే. దానిలో ప్రవేశించువాడు తల వంచియే ప్రవేశింపవలెను. పెండ్లికిని, సరకు దింపుటకును మాత్రమే పెద్ద తలుపు తెఱచెడివారు. ఇందువలన ధూళి తక్కువగా వచ్చును. ఎండ లోనికి దూకదు. వచ్చినవాడు వినయముతో వచ్చును.

గుమ్మము దాటగానే నడిముంగిలి కనబడదు. ఎదుట గోడ యుండును. దారి ప్రక్కకు మలుపు తిరిగి పిదప ముంగిలి చేరును. ఈ మలుపు నడవకు దిహ్లీజ్ అని పేరు. పారశీకమునుండి అరబ్బీలోనికి వచ్చిన ఈ మాటయే ఉర్దూలో దహలీజ్ అయి గడప యను అర్థమున నిలిచినది. హైదరాబాదులో నవాబుల భవనములకు దేవిడీ యను పేరుండుట మన పాఠకులలో కొందఱెఱుగుదురు. ఆ మాటకును మొదటి అర్థము వాకిలి, ద్వారమే. వాకిటి పేరే భవనమున కంతకును పేరైనదన్నమాట. ఇంటిగుట్టు లంకకు చేటని మనమందుము. దిహ్లీజ్ ఆ గుట్టును కాచెడి ఉపాయము. తలుపు తెఱచియున్నను లోని స్త్రీల పనిపాటలు వీధివారి కంట బడవు. గాలి మాత్రము లోనికి వచ్చును.

ఇంత మఱుగు కోరినవారు అతిథిని దూరముంచిరా? లేదు. మజ్లిస్ అను అతిథిశాలను వాకిటికి దగ్గఱనే కట్టిరి. కొన్ని ఇండ్లలో దానికి వేఱు గుమ్మమే పెట్టిరి. వచ్చినవాడు ఇంటివారిని దాటిపోనక్కఱలేదు. చెప్పులు గుమ్మమునొద్ద విడిచి, లోన తివాచీపై కూర్చుండి కాఫీ త్రాగి, ధూపపు పరిమళముతో వెడలును. 1869 మొదలుకొని దీర్ఘకాలము పాలించిన షేక్ ఈసా బిన్ అలీగారి గృహము నేటికిని ముహర్రఖ్‌లో నిలిచియున్నది. అందు ప్రభువునకు, కుటుంబమునకు, అతిథులకు, పరిచారకులకు వేఱువేఱు భాగములు, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ముంగిలి గలవు. ముత్యపు వర్తకుల ఇండ్లు మొదలగు 17 కట్టడములను, సముద్రములోని మూడు ముత్యపు చిప్పల తావులను, తీరమును, కోటను కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వమున చేర్చినది.

మన తెలుగు ఇంటి అరుగును దీనితో పోల్చి చూడుడు. వీధి గుమ్మమున కిరువైపుల అరుగులు. బాటసారి అడుగకయే కూర్చుండవచ్చును. లోన మండువా, అది ఇంటివారిది. పద్ధతి వేఱైనను నీతి యొకటియే. బయటివానికి ఒక చోటు, లోనివారికి ఒక చోటు, రెండింటి నడుమ శుభ్రమైన గడప.

హిందువులు ఆ దీవికి క్రొత్తవారు కారు. సింధుదేశపు ఠట్టా నగరమునుండి వచ్చిన భాటియా వర్తకులు ముత్యములు, బట్టలు, ధాన్యము వర్తకము చేయుచు మనామాలో స్థిరపడిరి. మనామా అంగడివీధులలోని శ్రీనాథజీ ఆలయము 1817 నాటిదని ప్రసిద్ధి. ఆ దీవిలో హిందూదేశపు రూపాయియు, 1959 తర్వాత గల్ఫు రూపాయియు చెలామణిలో నుండి, 1965లో బహ్రెయిన్ దీనారు వచ్చినది. అంగడి రద్దీ నడుమ ఆలయమునకు వచ్చు ప్రతివాడు చెప్పులు విడిచి లోన కడుగు పెట్టును. ఆ ఒక్క పనిలో వీధికిని దేవునికిని నడుమ హద్దు ఏర్పడుచున్నది.

1930 ప్రాంతమున జపానువారి పెంపుడు ముత్యములవలన పాత వ్యాపారము క్షీణించెను. 1932లో నూనె బయల్పడెను. పిదప క్రమముగా ముంగిళ్ల ఇండ్లకు బదులు అంతస్తుల భవనములు లేచెను. ఆంధ్ర, తెలంగాణ జిల్లాలనుండి జీవనోపాధికై వెళ్లిన మనవారు నేడు కాపురముండునది ఇట్టి ఫ్లాటులలోనే. మలుపు నడవ లేదు, అరుగు లేదు, మజ్లిస్ లేదు. తలుపు తీసిన వెంటనే కూర్చుండు గది. తలుపు బయట అందఱికి చెందిన నడవ. అయినను గడపకు పసుపు వ్రాయుచున్నారు. రెండు మూరల నేలపై ముగ్గు పెట్టుచున్నారు. చోటు కుంచించుకొనిపోయినను ధర్మము కుంచించుకొనిపోలేదు.

మనకును ఇఱుకు తెలియనిది కాదు. గిర్మిటు కాలమున ఫిజీ తోటల లైనులలో ఒక్కొక్క గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందు ముగ్గురు ఒంటరివారో, పిల్లలతో నొక జంటయో ఉండవలెను. ఒకే గుమ్మము, అదియే వంట పొగకు, వెలుతురుకు, రాకపోకలకు దారి. అట్టి చోట దారి కడ్డముగా వస్తువు పడియుండుట అందము చెడుట మాత్రమే కాదు, ప్రాణమునకే ముప్పు.

ఈ మాట పాతకాలపు మాట కాదు. 2013 జనవరి 11న మనామా నగరములో శ్రామికులు బసచేసిన ఇంటికి నిప్పంటుకొని 13 మంది మరణించిరి. పొట్టకూటికై పరదేశమునకు వచ్చిన పేదలు వారు. వస్తువుల అమరికవలన ఆ ఘోరము జరిగినదని మేమనుట లేదు. కాని జనము క్రిక్కిరిసిన ఇంట గుమ్మము లోనికి వచ్చు దారి మాత్రమే కాదు, వెలుపలికి పోవు దారియు నని అట్టి వార్త మనకు జ్ఞప్తి చేయుచున్నది. గడపమీద కూర్చుండరాదు, గడపకడ్డముగా నిలువరాదు అని అవ్వలు పిల్లలను మందలించుటలో ఈ వివేకము ఇమిడియున్నదని మా తలంపు. ఆచారమని వినినది ఆపత్కాలమున రక్షణయగును.

కావున మన గృహిణులకును, గృహస్థులకును మేము మనవి చేయునది స్వల్పము. చెప్పులను అందఱి నడవలో వదలక, తలుపు లోపల ప్రక్కగోడ నానుకొని ఒక చిన్న బల్లపై వరుసగా నుంచవలెను. దినము వాడని జోళ్లకు అచ్చట చోటీయరాదు. తలుపు వెనుక ఏ వస్తువును పెట్టక, తలుపు గోడ తాకువఱకు తెఱచుకొనునట్లు చూడవలెను. తాళపుచెవులకు ఒక మేకు, గొడుగులకు ఒక మూల నియమింపవలెను; చీకటిలో తడవుకొన్నను చేతికి దొరకవలెను. ఉదయము మొదట ఊడ్చునది వాకిలి, రాత్రి పడుకొనబోవుటకు ముందు కడపట చూచునదియు వాకిలి కావలెను. ఈ పని ఇల్లాలి ఒక్కదానిదే యనుట న్యాయము కాదు. చెప్పులు విడిచినవాడే వాటిని సరిగా పెట్టవలెను. పిల్లలకు ఈ అలవాటు అయిదేండ్ల ప్రాయముననే నేర్పవచ్చును.

సార్ ఊరివారు గుమ్మము ప్రక్క తొట్టి కట్టిరి. ముహర్రఖ్ వర్తకులు మలుపు నడవ కట్టిరి. మన పెద్దలు అరుగు కట్టిరి. మనకు దక్కినది కొన్ని అడుగుల నేల. ఆ కొన్ని అడుగులను ఖాళీగా, శుభ్రముగా నుంచితిమేని, వచ్చువాడు సంతోషముతో వచ్చును, మనవారు క్షేమముగా వెళ్లి క్షేమముగా తిరిగి వత్తురు.