యాభై ఏళ్ల కొత్త రచయిత

"ఎప్పటికైనా నేనూ ఓ పుస్తకం రాస్తాను" అనే మగవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కాబోలు. మా ఇంట్లోనూ ఉన్నారు. అందుకే ఇంగ్లీషు రచయిత జేమ్స్ హెరియట్ కథలకంటే, ఆయన భార్య జోన్ అన్న మాటే నాకు ఎక్కువ ఇష్టం.

ఆయన అసలు పేరు ఆల్ఫ్ వైట్. 1940లో యార్క్‌షైర్‌లోని థర్స్క్ అనే చిన్న ఊరికి పశువుల డాక్టరుగా వచ్చాడు. అర్ధరాత్రి ఫోను మోగితే ఆ చలిలో బయలుదేరాలి. కొట్టంలో చొక్కా విప్పి, ఈనలేక అవస్థపడే ఆవు కడుపులోకి భుజందాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడను సరిచేసి లాగాలి. ఇంటికొచ్చి ఆ ముచ్చట్లన్నీ జోన్‌కి చెప్పి, "ఇది పుస్తకంలో పెడతాను చూడు" అనేవాడు. పాతికేళ్లు ఇదే పాట! వినీ వినీ చివరికావిడ, యాభై ఏళ్లవాళ్లు కొత్తగా పుస్తకాలు రాయరులెండి అనేసిందట.

ఆ మాట ఎక్కడో తగిలింది. సాయంత్రాలు హాల్లో, టీవీ మోగుతుండగానే రాయడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చినవి తిరిగి రాగా, మొదటి పుస్తకం 1970లో వెలువడింది. సొంత పేరు వేస్తే డాక్టరు ప్రచారం చేసుకున్నట్టవుతుందని, టీవీలో చూసిన ఓ ఫుట్‌బాల్ గోల్‌కీపరు పేరు అరువు తెచ్చుకున్నాడు. 1972లో రెండు పుస్తకాలు కలిపి అమెరికాలో వేశాక ఇక వెనుదిరిగి చూడలేదు. మొత్తం ఆరు కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయంటారు. అంత పేరొచ్చినా ఏళ్ల తరబడి కొట్టాలు తిరుగుతూనే ఉన్నాడు. 1995లో పోయాడు.

ఇదంతా మావారికి చదివి వినిపించాను.

"నాకింకా నలభై ఎనిమిదేగా!" అన్నారు.