జీపు పెడల్ ఎందుకు రాసుకుంటుంది? మన జిల్లాల్లో ఒక పాత బండి చరిత్ర

పాత జీపు కొన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "క్లచ్ పెడల్ ఫ్లోరు కన్నానికి రాసుకుంటోంది బ్రో, పెడల్ వంచేయమంటారా, కన్నం పెద్దది చేయమంటారా?" రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

ముందు ఒక విషయం. జీపు అంటే ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు బళ్లు. కింద చాసిస్, పైన బాడీ. ఇంజిను, గేర్‌బాక్సు, స్టీరింగ్ బాక్సు, బ్రేకు మాస్టర్ సిలిండర్, పెడళ్లు తిరిగే షాఫ్టు ఇవన్నీ చాసిస్‌వి. ఫ్లోరు, సీటు, డ్యాష్‌బోర్డు బాడీవి. పెడల్ కాడ ఫ్లోరులో ఉన్న కన్నం గుండా పైకి వస్తుంది, అంతకుమించి ఆ రెంటికీ చుట్టరికం లేదు. బాడీకీ చాసిస్‌కీ మధ్య ప్యాకింగులు, బోల్టులు ఉంటాయి. ఒక పక్క ప్యాకింగ్ నలిగితే బాడీ అటు దిగిపోతుంది. పెడల్ ఉన్నచోటే ఉంటుంది. కదిలింది ఫ్లోరు, మనం తిట్టేది పెడల్‌ని! సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ చూసేదే ఇది. ఎర్రర్ కనిపించే చోటు వేరు, బగ్ ఉండే చోటు వేరు.

ఈ ఏర్పాటు యుద్ధం నాటిది. 1941 నుంచి అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. ఎక్కడ పాడైతే అక్కడే విప్పి, మామూలు పానాలతో బిగించుకోగలగాలి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఒక కంపెనీ మొదలైంది. విభజన తర్వాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో ఇక్కడి కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మొదట విడిభాగాలు తెప్పించి బిగించారు, తర్వాత ఇక్కడే తయారుచేశారు. ఎత్తు బానెట్ ఉన్న సీజే-3బీ మోడల్‌ని అమెరికాలో 1968లో ఆపేశారు. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు వచ్చింది.

మన వైపు చూడండి. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖ నుంచి విడిపోయింది. 1952లో సామాజిక వికాస పథకం మొదలైంది, 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. పాతతరం వాళ్లని అడగండి, "సమితి జీపు" అనే మాట ఇప్పటికీ వాళ్ల నోట ఉంటుంది. సర్కారు ఊళ్లోకి వచ్చిందంటే జీపులోనే వచ్చింది. అవే జీపులు తర్వాత వేలానికి వచ్చాయి. కొన్నవాళ్లు వెనక బాడీ సాగదీయించి సర్వీసు జీపులుగా తిప్పారు. పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, కురుపాం వైపు బస్సు వెళ్లని దారుల్లో సంతకి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా అదే దిక్కు. లోపల కిక్కిరిసి, వెనక వేలాడుతూ, బానెట్ మీద కూడా కూర్చుని వెళ్లేవారు.

ఇక్కడే మన పెడల్ కథ మలుపు తిరుగుతుంది. చాసిస్ కంపెనీ చేసింది, సాగదీసిన బాడీ మన టింకరింగ్ మేస్త్రి చేశాడు. అరిగిన ప్యాకింగ్ బదులు పాత టైరు ముక్క కోసి పెట్టారు. పైన బరువు, కింద గతుకులు, దానికి తోడు సముద్రపు గాలికి తుప్పు. లారీలదీ ఇదే కథ. 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న సాలూరు లారీలకి పేరున్న ఊరు. ఒకప్పుడు కంపెనీ నుంచి వచ్చేది చాసిస్, ఇంజిను, ముందు బానెట్ మాత్రమే. క్యాబిన్ని వడ్రంగులు చెక్కతో కట్టేవారు. చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. తలుపు సరిగ్గా పడటం లేదంటే క్యాబిన్ కదిలిందేమో కూడా చూడాలి.

మరి జీపులో తేడా ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? స్టీరింగ్ రాడ్ చూడండి. అది కూడా చాసిస్ నుంచి ఫ్లోరు గుండానే పైకి వస్తుంది. అది కూడా కన్నంలో ఒక పక్కకి ఒరిగి ఉంటే బాడీ దిగింది. అది నడిమధ్యన ఉండి పెడల్ ఒక్కటే రాసుకుంటుంటే షాఫ్టు బుష్ అరిగింది, లేదా పెడల్ ఎప్పుడో వంగింది. బాడీ దిగితే బోల్టులు వదులు చేసి, జాకీతో నెమ్మదిగా ఎత్తి, రెండు పక్కలా ఒకే మందం ప్యాకింగ్ వేయాలి. పెడల్ ఆట సరిచేయడం ఆ తర్వాతే. క్లచ్‌కి ముప్పావు నుంచి ఒక అంగుళం, బ్రేకుకి సుమారు అర అంగుళం ఉండాలి.

ఇది సోకు కోసం చెప్పడం లేదండి. మాస్టర్ సిలిండర్‌లో నూనె వెనక్కి వచ్చే సన్న కన్నం ఒకటుంది. బ్రేకు పెడల్ ఫ్లోరుకి పట్టేసి పూర్తిగా వెనక్కి రాకపోతే అది మూసుకునే ఉంటుంది. షూలు డ్రమ్ముకి రాసుకుంటూ వేడెక్కుతాయి. వేడి ఎక్కువైతే నూనె మరుగుతుంది, అప్పుడు తొక్కినా పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. సాలూరు దాటాక ఘాట్ దిగుతున్నప్పుడు అలా జరిగితే? అందుకే కన్నం పెద్దది చేయొద్దన్నాను. చప్పుడు పోతుంది గానీ బాడీ వాలు అలాగే ఉంటుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బళ్లకి రిజిస్ట్రేషన్ లేదు, అవి తుక్కుకే. ఆ బళ్లు పోవడం కంటే, వాటిని చెవితో విని చెప్పగలిగే మేస్త్రీల చేతివిద్య పోవడం పెద్ద నష్టం. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే వెళ్లి పక్కన కూర్చోండి, పని చేస్తుంటే చూడండి, అడిగి ఫోన్లో రికార్డు చేయండి. ఏ మాన్యువల్‌లోనూ లేనిది ఆయన దగ్గర ఉంటుంది.